పాఠం 14: రెండు ఫోన్లు, ఒకే లెక్క

ఈ పాఠం చదివిన తరవాత మీరు

* ప్లాట్‌ఫారం అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
* ఒక యాప్‌లో రెండు రకాల ఫోన్లకూ ఉమ్మడిగా ఉంచవలసిన భాగాన్నీ, వేరువేరుగా రాయవలసిన భాగాన్నీ గుర్తించగలుగుతారు.
* ఉమ్మడి కోడ్ వల్ల వచ్చే లాభాన్నీ, దానికయ్యే ఖర్చునూ ఉదాహరణలతో వివరించగలుగుతారు.

ఈ పాఠానికి కాగితం, పెన్సిలు చాలు. కంప్యూటర్ ఎదురుగా లేకపోయినా ఫరవాలేదు. లెక్కలు వచ్చిన చోట మాత్రం చదివి వదిలేయకండి, మీరే వేసి చూడండి.

14.1 ఖరగ్‌పూర్ దాకా ఒకే దారి

హౌరాలో రైలెక్కి విశాఖపట్నం వైపు వచ్చేవాళ్లూ, టాటానగర్ మీదుగా ముంబయి వైపు వెళ్లేవాళ్లూ సుమారు 115 కిలోమీటర్లు ఒకే దారిలో ప్రయాణం చేస్తారు. ఖరగ్‌పూర్ దాటాక దారులు విడిపోతాయి. ఒకటి బాలేశ్వర్, కటక్, బరంపురం, పలాసల మీదుగా మన వైపు తిరుగుతుంది. ఇంకొకటి ఝార్‌గ్రామ్, ఘాట్‌శిలాల మీదుగా టాటానగర్ చేరుతుంది.

ఇందులో ఒక సంగతి గమనించండి. హౌరా, ఖరగ్‌పూర్‌ల మధ్య పట్టాలను ఒకసారి బాగుచేస్తే రెండు వైపుల ప్రయాణికులకూ మేలు. ఆ ముక్కలోనే ఎక్కడైనా దారి మూసుకుపోతే రెండు వైపుల బండ్లూ ఆగిపోతాయి. కటక్ దగ్గర పని జరుగుతుంటే మాత్రం టాటానగర్ బండికి ఇబ్బంది లేదు. ఉమ్మడి దారి ఎంతవరకు ఉండాలి, ఎక్కడ విడిపోవాలి అన్నది రైల్వే ఇంజనీర్ల ప్రశ్న. యాప్‌లు రాసేవాళ్ల ప్రశ్న కూడా సరిగ్గా ఇదే.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపులో, లోకో షెడ్డులో పనికి వెళ్లి ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు నింపురా, మథురకాటి వంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. ఇంట్లో తెలుగు, గోల్ బజారులో బెంగాలీ, హిందీ. మనిషి ఒకడే, చెప్పవలసిన విషయం ఒకటే, ఎదుటివారిని బట్టి భాష మారుతుంది. ఈ పాఠంలోని ఉదాహరణను ఆ ఊళ్లో జరిగినట్లు ఊహించుకుందాం.

14.2 ప్లాట్‌ఫారం అంటే ఏమిటి?

రైల్వే ప్లాట్‌ఫారం మీకు తెలుసు. ఖరగ్‌పూర్‌ది 1,072.5 మీటర్ల పొడవు. చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్ (1,366 మీటర్లు), 2023లో హుబ్బళ్లి (1,507 మీటర్లు) దాన్ని దాటేశాయి. కంప్యూటర్ల వాళ్లు ఈ మాటనే వేరే అర్థంలో వాడతారు. యాప్ నిలబడి పని చేసే చోటును ప్లాట్‌ఫారం అంటారు. తెర మీద అక్షరాలు గీయడం, ఈ రోజు తేదీ చెప్పడం, ఫొటో తీయడం, సమాచారాన్ని దాచిపెట్టడం వంటి పనులు యాప్ స్వయంగా చేయదు. ‘ఇది చేసిపెట్టు’ అని ప్లాట్‌ఫారాన్ని అడుగుతుంది.

నేడు మన చేతుల్లో ఉన్న ఫోన్లలో ప్రధానమైన ప్లాట్‌ఫారాలు రెండు. ఆపిల్ కంపెనీ ఐఫోన్ 2007లో వచ్చింది. గూగుల్ వారి ఆండ్రాయిడ్‌తో మొదటి ఫోన్ 2008లో వచ్చింది. (2013లో ఆండ్రాయిడ్ బాధ్యత తీసుకున్న సుందర్ పిచాయ్ ఖరగ్‌పూర్ ఐఐటీలో లోహశాస్త్రం చదివి 1993లో పట్టా పొందినవారే.) ఐఫోన్ యాప్‌లను మొదట ఆబ్జెక్టివ్-సి భాషలో రాసేవారు, 2014 నుంచి స్విఫ్ట్ భాష వచ్చింది. ఆండ్రాయిడ్ యాప్‌లను మొదట జావాలో రాసేవారు, 2017లో కోట్లిన్ భాషకు అధికారిక గుర్తింపు లభించింది.

భాషలు వేరు కాబట్టి ఒకే యాప్‌ను రెండుసార్లు రాయవలసి వస్తుంది. రెట్టింపు శ్రమ అని మీరు అనుకోవచ్చు. శ్రమ సంగతి అలా ఉంచండి. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది.

పాఠగత ప్రశ్న 1: మీకు తెలిసిన ఏదైనా యాప్‌ను తీసుకోండి. అది ప్లాట్‌ఫారాన్ని అడిగి చేయించుకునే పనులు మూడు రాయండి.

14.3 తొంభయ్యా, తొంభై రెండా?

ఖరగ్‌పూర్‌లోని ఒక పేటలో మహిళల పొదుపు సంఘం ఉందనుకోండి. సభ్యులు నెలనెలా కొంత జమ చేస్తారు, అవసరమైనవారు అప్పు తీసుకుంటారు. వడ్డీ నూటికి నెలకు రూపాయి. సంఘం కార్యదర్శి మిమ్మల్ని యాప్ రాసిపెట్టమన్నారు. ఆండ్రాయిడ్ యాప్ మీరు రాశారు. ఐఫోన్ యాప్ మీ స్నేహితుడు రాశాడు. ‘నూటికి రూపాయి’ అన్న మాట ఇద్దరూ విన్నారు. అంతకుమించి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మీరు రాసిన సూత్రం ఇది:

రోజులు = అప్పు తీసుకున్న తేదీ నుంచి కట్టిన తేదీ వరకు గడిచిన రోజులు
రోజు వడ్డీ = అసలు × 1 ÷ 100 ÷ 30
వడ్డీ = రోజు వడ్డీ × రోజులు

మీ స్నేహితుడి సూత్రంలో ఒక్కటే తేడా. అతడు ప్రతి నెలకూ 30 రోజులు అని లెక్కవేశాడు. రెండూ మన ఊళ్లలో వాడుకలో ఉన్న పద్ధతులే.

ఇద్దరూ 2024లో కలిసి పరీక్షించారు. 2024 జనవరి 15న 6,000 రూపాయల అప్పు, మార్చి 1న చెల్లింపు. రోజు వడ్డీ 2 రూపాయలు. మీ లెక్కలో జనవరిలో మిగిలినవి 16 రోజులు, ఫిబ్రవరి 29, మార్చి 1. మొత్తం 46 రోజులు, 92 రూపాయలు. మీ స్నేహితుడి లెక్కలో జనవరి 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు ఒక నెల, అంటే 30 రోజులు. అక్కడి నుంచి మార్చి 1కి 16 రోజులు. మొత్తం 46 రోజులు, 92 రూపాయలే. రెండు ఫోన్లూ ఒకటే చెప్పాయి. యాప్ అందరికీ ఇచ్చేశారు.

2025 వచ్చింది. ఒక సభ్యురాలు అదే జనవరి 15న అదే 6,000 తీసుకుని మార్చి 1న కట్టడానికి వచ్చింది. ఆమెది ఆండ్రాయిడ్ ఫోన్. కార్యదర్శిది ఐఫోన్.

‘అన్నయ్యగారూ, నా ఫోన్‌లో తొంభై రూపాయలని ఉంది. మీరు తొంభై రెండు అంటున్నారేమిటి?’

‘నా ఫోన్‌లో ఉన్నదే చెబుతున్నానమ్మా.’

ఏం జరిగిందో మీరు ఈపాటికి గ్రహించి ఉంటారు. 2024 లీపు సంవత్సరం. ఫిబ్రవరిలో 29 రోజులు ఉండటం వల్ల ఆ తేదీలకు రెండు పద్ధతులూ అనుకోకుండా కలిశాయి. 2025లో ఫిబ్రవరికి 28 రోజులే. మీ యాప్‌లో 45 రోజులు వచ్చాయి, మీ స్నేహితుడి యాప్‌లో 46 అలాగే ఉన్నాయి. అప్పు 60,000 అయి ఉంటే తేడా 20 రూపాయలు.

రెండు రూపాయలు పెద్ద మొత్తం కాదు. కాని ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నవాళ్లు అడిగే తరవాతి ప్రశ్న మీరు ఊహించగలరు: ‘ఎన్నాళ్ల నుంచి ఇలా తీసుకుంటున్నారు?’ కార్యదర్శి పైసా కూడా తినలేదు. అయినా ఆయన దగ్గర జవాబు లేదు. పొదుపు సంఘం నడిచేది నమ్మకం మీద. ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది ఒకే నియమాన్ని ఇద్దరు రెండు చోట్ల రాయడం వల్ల.

రెండింటిలో ఏది సరైన లెక్క? కంప్యూటర్ చెప్పలేదు, మనమూ చెప్పకూడదు. సంఘం సమావేశంలో తీర్మానం చేసి పుస్తకంలో రాసుకున్నదే సరైనది. రోజుల లెక్కే ఉండాలని సంఘం తీర్మానించిందనుకోండి. అప్పుడు ఆ తీర్మానానికి యాప్‌లో ఒక్క చోటే స్థానం ఉండాలి. ఇలా రెండు ప్లాట్‌ఫారాలకూ కలిపి ఒకసారి మాత్రమే రాసే భాగాన్ని ఉమ్మడి కోడ్ అంటారు.

14.4 ఏది ఉమ్మడి, ఏది వేరు?

కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా ‘అంతా ఉమ్మడిగా రాసేస్తే పోలేదా?’ అని అడుగుతారు. కొన్ని యాప్‌లకు అది సరిపోతుంది. కాని ముందు కింది పరీక్ష పెట్టి చూడండి.

యాప్‌లోని ఒక్కొక్క పనిని తీసుకుని ‘ఇది మారాలంటే ఎవరు నిర్ణయించాలి?’ అని అడగండి. వడ్డీ రేటు మారాలంటే సంఘం నిర్ణయించాలి. ఆలస్య రుసుం, అప్పు పరిమితి, ఎవరి వంతు ముందు అన్న క్రమం, ఇవన్నీ సంఘం నిర్ణయాలే. ఇవి ఫోన్‌ను బట్టి మారకూడదు. కాబట్టి ఉమ్మడి. వెనక్కి వెళ్లడానికి తెరను ఎలా జరపాలి, నోటిఫికేషన్ పంపడానికి అనుమతి ఎలా అడగాలి, కెమెరా ఎలా తెరవాలి, ఇవి ఆపిల్, గూగుల్ నిర్ణయించేవి. ఇవి వేరు.

డబ్బు చెల్లింపును చూడండి. ఇందులో రెండు భాగాలూ ఉన్నాయి. ఎంత కట్టాలన్నది ఉమ్మడి. ఎలా కట్టించుకోవాలన్నది వేరు. ఆండ్రాయిడ్‌లో యుపిఐ లింకును నొక్కితే ఫోన్‌లో ఉన్న చెల్లింపు యాప్‌ల జాబితాను ప్లాట్‌ఫారమే చూపిస్తుంది. ఐఫోన్‌లో అలాంటి జాబితా తనంతట తాను రాదు, మన యాప్ చూపించాలి. ఈ తేడాను దాచిపెట్టి ఒకే కోడ్‌లో ఇరికించాలని చూస్తే, ‘ఐఫోన్ అయితే ఇలా, కాకపోతే అలా’ అన్న షరతులు సగం పేజీ నిండుతాయి. పేరుకే ఉమ్మడి, నిజానికి రెండు కోడ్‌లు ఒకే కాగితం మీద ఉన్నట్లు. విడగొట్టి రాయడమే మంచిది.

ఉమ్మడి భాగం, వేరు భాగం ఎలా కలుస్తాయి? పెట్టెకూ ఇంజనుకూ మధ్య కప్లింగ్ ఉంటుంది కదా. కప్లింగ్ కొలత కుదిరితే ఇంజను మార్చినా పెట్టె కదులుతుంది. కోడ్‌లోనూ అలాంటి ఒప్పందం ఒకటి రాసుకుంటారు. ఉమ్మడి కోడ్ ‘ఈ రోజు తేదీ ఎంత?’, ‘ఈ అంకెను దాచిపెట్టు’ అని అడుగుతుంది. ఆండ్రాయిడ్ భాగం ఆ ప్రశ్నకు తన పద్ధతిలో జవాబు తెస్తుంది, ఐఫోన్ భాగం తన పద్ధతిలో తెస్తుంది. జవాబు రూపం మాత్రం ఒకటే ఉండాలి.

ఉమ్మడి కోడ్‌తో పాటు ఉమ్మడి పరీక్షలు కూడా రాసుకోండి. మన ఉదాహరణలో 2024 తేదీలు ఒక్కటే పరీక్షించడం వల్ల తప్పు ఏడాది దాకా దాగింది. లీపు సంవత్సరం ఒకటి, మామూలు సంవత్సరం ఒకటి, నెలాఖరు తేదీ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. జవాబులు ముందే చేత్తో వేసి కాగితం మీద పెట్టుకోండి. కంప్యూటర్ చెప్పిన జవాబును చూసి ‘సరే’ అనడం పరీక్ష కాదు.

ఇంకొక జాగ్రత్త. ఉమ్మడి కోడ్‌ను సరిదిద్దినంత మాత్రాన అందరి ఫోన్లూ ఒకేసారి మారవు. ఆపిల్ దుకాణానికి వేరుగా, గూగుల్ దుకాణానికి వేరుగా పంపాలి. పంపినా, కొందరు అప్‌డేట్ చేసుకోరు. అందువల్ల తరచుగా మారే వడ్డీ రేటు వంటి అంకెలను యాప్‌లో రాయకుండా సర్వర్‌లో, అంటే అన్ని ఫోన్లూ అడిగి తెలుసుకునే ఒక ఉమ్మడి కంప్యూటర్‌లో ఉంచడం మంచి అలవాటు. ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018 జూన్ 19న దేశానికి అంకితం చేశారు. దాన్ని బ్రౌజర్‌లో తెరవవచ్చు, ఫోన్ యాప్‌లోనూ తెరవవచ్చు. ఏ తలుపు నుంచి వెళ్లినా పుస్తకాల జాబితా ఒక్కటే, ఎందుకంటే ఆ జాబితా మీ ఫోన్‌లో లేదు. (సార్వత్రిక పాఠశాల విద్యార్థులకు ఆ గ్రంథాలయం బాగా పనికివస్తుంది, ఒకసారి చూడండి.)

పాఠగత ప్రశ్న 2: కిందివాటిలో ఉమ్మడిగా ఉంచవలసినవి ఏవి, వేరుగా రాయవలసినవి ఏవి?
(అ) వాయిదా తప్పితే వేసే ఆలస్య రుసుం (ఆ) రశీదును ఫొటో తీయడం (ఇ) అప్పు కోరినవారి వరస క్రమం (ఈ) వాయిదా రోజున నోటిఫికేషన్ మోగించడం

పాఠగత ప్రశ్న 3: సంఘం తీర్మానం ప్రకారం, అంటే గడిచిన రోజుల లెక్కన, నూటికి నెలకు రూపాయి చొప్పున 9,000 రూపాయలకు 2028 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 5 వరకు వడ్డీ ఎంత?

14.5 ఒక తెలుగు అక్షరం కథ

ఉమ్మడి కోడ్‌లో తప్పు దొర్లితే ఏమవుతుంది? దీనికి మన భాషలోనే ఉదాహరణ ఉంది.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు వాడేవారికి ఒక వింత అనుభవం ఎదురైంది. ఎవరో పంపిన సందేశంలో ఒక తెలుగు అక్షరం ఉంటే, దాన్ని తెర మీద చూపించబోయిన యాప్ ఠక్కున మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే ఆ సందేశం అక్కడే ఉంటుంది కాబట్టి మళ్లీ మూసుకుపోయేది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ, ఞ, దీర్ఘం, వాటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు కలిసిన ప్రత్యేకమైన వరస అది. జ్ఞానంలోని మొదటి అక్షరం ఫోన్‌ను మూగదాన్ని చేసింది! తెలుగు ఒక్క ముక్క కూడా రానివారు ఆ రోజుల్లో తెలుగు పేరు పత్రికల్లో చదివారు.

సందేశాల యాప్ ఒక్కటే కాదు, వాట్సాప్ వంటివీ మూసుకుపోయాయి. ఎందుకు? అక్షరాలు గీసే పనిని ఏ యాప్ స్వయంగా చేయదని 14.2లో చదివారు. అన్నీ ఆపిల్ వారి ఒకే ఉమ్మడి కోడ్‌ను అడుగుతాయి. తప్పు అందులో ఉంది. హౌరా, ఖరగ్‌పూర్‌ల మధ్య దారి మూసుకుపోయినట్లే. ఆండ్రాయిడ్ ఫోన్లలో అక్షరాలు గీసే కోడ్ వేరు కాబట్టి అవి మామూలుగానే పని చేశాయి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ ఆ తప్పును సరిదిద్ది 11.2.6 అనే సంచికను విడుదల చేసింది. దాన్ని వేసుకున్న ఫోన్‌లో అన్ని యాప్‌లూ ఒకేసారి బాగయ్యాయి. ఒక్కొక్క యాప్ రాసేవారు తమ యాప్‌ను వేరుగా సరిచేసుకోవలసిన పని లేకపోయింది. ప్రతి యాప్‌కూ సొంత అక్షర కోడ్ ఉండి ఉంటే ఆ తప్పు అందరికీ ఒకేసారి వచ్చేది కాదు, నిజమే. కాని తెలుగు గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చడానికి ఎన్ని కంపెనీలు శ్రద్ధ పెట్టేవి? నాకు అనుమానమే. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, ఇవన్నీ అక్షరాలను కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే ఉచిత కోడ్‌ను వాడతాయి. అందులో మన ఒత్తు ఒకటి సరిచేస్తే ఆ దిద్దుబాటు వీటన్నిటికీ చేరుతుంది. మాట్లాడేవారు తక్కువగా ఉన్న భాషలకు ఇలాంటి ఉమ్మడి కోడ్ పెద్ద అండ.

14.6 పనిముట్లు

ఒకసారి రాసిన కోడ్‌ను అనేక యంత్రాల మీద నడపాలన్న కోరిక పాతదే. 1973లో యునిక్స్‌ను సి భాషలో తిరిగి రాయడంతో దాన్ని ఇతర యంత్రాలకు తరలించే దారి ఏర్పడింది. 1995లో జావా వచ్చింది. ఫోన్ల విషయంలో మీరు వినే పేర్లు ఇవి.

ఫేస్‌బుక్ 2015లో విడుదల చేసిన రియాక్ట్ నేటివ్‌లో కోడ్ ఒకటే రాస్తారు, తెర మీది బొత్తాలు మాత్రం ఏ ఫోన్‌వి ఆ ఫోన్‌వే వస్తాయి. గూగుల్ వారి ఫ్లట్టర్ మొదటి పూర్తి సంచిక 2018 డిసెంబరులో వచ్చింది. అది ఫోన్ బొత్తాలను వాడదు, తెరను మొత్తం తానే గీస్తుంది. కోట్లిన్ మల్టీప్లాట్‌ఫారం (2023 నవంబరులో పూర్తి స్థాయికి వచ్చింది) మన పొదుపు సంఘం వంటి పనికి సరిగ్గా సరిపోతుంది. వడ్డీ సూత్రం వంటి నియమాలను మాత్రం ఉమ్మడిగా రాసి, తెరలను కావాలంటే వేరుగా ఉంచుకోవచ్చు.

పనిముట్టును చూసి మోజు పడకండి. జామరిన్ అనే పేరున్న పనిముట్టును 2016లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 2024 మే 1తో దానికి మద్దతు ఆపేసింది. దాని మీద యాప్‌లు కట్టుకున్నవారు వేరే చోటికి మారవలసి వచ్చింది. నూరుమంది సభ్యుల సంఘానికైతే బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక వెబ్ పేజీ చాలని నా అభిప్రాయం. రెండు ఫోన్లలోనూ అదే పేజీ, అదే సూత్రం.

14.7 ఉమ్మడికి అయ్యే ఖర్చు

డ్రాప్‌బాక్స్ కంపెనీ 2013 నుంచి తన రెండు యాప్‌ల కోడ్‌ను సి++ భాషలో ఉమ్మడిగా రాసింది. 2019లో ఆ పద్ధతిని మానేసి స్విఫ్ట్, కోట్లిన్‌లకు మారామని ప్రకటించింది. ఉమ్మడి కోడ్‌ను రెండు ఫోన్లతో కలపడానికి సొంత పనిముట్లు తయారు చేసుకోవలసి వచ్చిందట. ఆ భాషలో ఫోన్ యాప్‌లు రాయగల అనుభవజ్ఞులు దొరకడం కష్టమైందట. రెండుసార్లు రాస్తే అయ్యే శ్రమ కంటే కలిపి ఉంచడానికే ఎక్కువ శ్రమ అయిందని వారి లెక్క. ఎయిర్‌బిఎన్‌బి కూడా 2018లో రియాక్ట్ నేటివ్‌ను వదులుకుంటున్నట్లు చెప్పింది.

ఈ రెండూ పెద్ద కంపెనీలు. రెండు జట్లను పెట్టుకోగల స్తోమత వాటికి ఉంది. మీరు ఒక్కరే రాస్తున్నప్పుడు మీ లెక్క వేరు. అయితే రెండుగా రాయడానికే నిశ్చయించుకున్నా, 14.4లో చెప్పిన ఉమ్మడి పరీక్షలు మాత్రం వదలకండి. కోడ్ రెండైనా, చేత్తో వేసిన జవాబుల కాగితం ఒకటే ఉండవచ్చు. ఆ కాగితం 2024లో ఉండి ఉంటే, కార్యదర్శి ఆ ప్రశ్న వినవలసి వచ్చేది కాదు.

చేసి చూడండి: మీకు తెలిసిన పొదుపు సంఘం లేదా సహకార సంఘం తీర్మానాల పుస్తకం చూడండి. వడ్డీ గురించి రాసిన వాక్యాన్ని ఎత్తి రాసుకోండి. దాన్ని ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకునే వీలుందా? ఉంటే, సంఘం పెద్దలను అడిగి ఏ అర్థమో తెలుసుకుని, మూడు పరీక్ష లెక్కలు జవాబులతో సహా తయారు చేయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. మీరు ఎంచుకున్న యాప్‌ను బట్టి ఉంటుంది. అక్షరాలు గీయడం, తేదీ చెప్పడం, ఫొటో తీయడం, శబ్దం చేయడం, ఇంటర్నెట్‌కు కలపడం, వీటిలో ఏవైనా మూడు రాసి ఉండవచ్చు.

2. (అ), (ఇ) ఉమ్మడి. (ఆ), (ఈ) వేరు. అయితే (ఈ)లో వాయిదా ఏ రోజున పడుతుందన్న లెక్క ఉమ్మడి అని మీరు రాసి ఉంటే మరీ మంచిది.

3. రోజు వడ్డీ 3 రూపాయలు. 2028 లీపు సంవత్సరం, కాబట్టి 14 రోజులు. వడ్డీ 42 రూపాయలు. మీకు 39 వచ్చి ఉంటే ఫిబ్రవరి 29ని మరిచిపోయారు. 45 వచ్చి ఉంటే మీరు మీ స్నేహితుడి సూత్రం వాడారు, 14.3ను మరొకసారి చదవండి.